రిగ్గు వెళ్లిపోయాక మిగిలే రాతిపిండి: రాయలసీమ నీటిపొరల పటం కోసం బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ భూగర్భ జల, జలగణన శాఖ సంచాలకులకు,
ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల జిల్లా కలెక్టర్లకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

రిగ్గు లారీ చేలోంచి బయటికి పోయాక గట్టు పక్కన బూడిదరంగు కుప్ప ఒకటి మిగులుతుంది. నీళ్లు పడినా, పడకపోయినా ఆ కుప్ప ఉంటుంది. ఒకటి రెండు వానలకు కరిగి మట్టిలో కలిసిపోతుంది. ఆ చోట నాలుగైదు వందల అడుగుల లోతు దాకా భూమిలో ఏముందో చెప్పగల సాక్ష్యం అదొక్కటే. రైతు అప్పు తెచ్చి వేయించిన బోరు భూగర్భ శాస్త్రానికి ఒక అన్వేషణ బోరుతో సమానం. దాని వివరం రాసిపెట్టుకునే అలవాటు మనకు లేదు కాబట్టి, పక్క చేను రైతు మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతాడు.

మేం అడిగేది ఒకటే. ఇక మీదట వేసే ప్రతి బోరుకూ, ఏ లోతులో ఏ రాయి తగిలిందో, ఎన్ని నీళ్లు పడ్డాయో చెప్పే ఒక పొరల చీటీ రాయించండి. ఆ చీటీలతో ఊరి స్థాయిలో, 1:10,000 స్కేలులో నీటిపొరల పటం గీయించండి. ఈ లేఖలో మిగతాదంతా ఆ పని ఎలా చేయాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది అనే దాని గురించే.

పటాలు అసలే లేవని మేం అనడం లేదు. కడప, కర్నూలు రాతి పొరల మీద విలియం కింగ్ నివేదిక 1872లోనే వచ్చింది. ఆయనా, ఆయన తర్వాతి వాళ్లూ ఈ రాళ్లకు మన ఊళ్ల పేర్లే పెట్టారు: గుల్చెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ప్రపంచంలో ఎక్కడ పాత అవక్షేప శిలల గురించి చదువుకునే వాళ్లకైనా ఈ పేర్లు తెలుసు. ఆ ఊళ్లలో ఉండేవాళ్లకు మాత్రం తమ కాళ్ల కింది రాయి పేరు తమ ఊరి పేరేనని చెప్పినవాళ్లు తక్కువ. ఆ తర్వాత జియలాజికల్ సర్వే పటాలు వచ్చాయి, ఉపగ్రహ చిత్రాలతో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) చేసిన భూగర్భ జలావకాశ పటాలు వచ్చాయి, 2012 నుంచి కేంద్ర భూగర్భ జల మండలి జాతీయ ఆక్విఫర్ (నీటిపొర) మ్యాపింగ్ కార్యక్రమం నడుస్తోంది. ఇవన్నీ పునాదులే, వాటి విలువను మేం తక్కువ చేయం. అయితే వాటిలో ఎక్కువ భాగం 1:50,000 స్కేలువి. ఆ స్కేలులో పటం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. రెండెకరాల చేను రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. పది మీటర్ల వెడల్పున్న నల్లరాతి గోడ, అంటే డోలరైట్ డైకు, మిల్లీమీటరులో ఐదో వంతు. పెన్సిలు గీత దానికంటే లావుగా ఉంటుంది. కానీ ఆ పది మీటర్ల రాయే ఎగువ చేనుకు నీళ్లు నిలబెట్టి దిగువ చేనును ఎండబెడుతుంది. మండలానికి ప్రణాళిక వేయడానికి 1:50,000 చాలు. చేనులో పాయింటు పెట్టడానికి, ఊరిలో చెక్‌డ్యాము చోటు నిర్ణయించడానికి చాలదు.

ముందు పడమటి వైపు చూద్దాం. అనంతపురం, కళ్యాణదుర్గం, కదిరి, పత్తికొండ, ఆదోని ప్రాంతాల్లో ఎక్కువగా ఉన్నది గ్రానైటు, నైసు. అక్కడక్కడా రామగిరి, కదిరి వంటి చోట్ల రేకులుగా చీలే షిస్టు రాతి పట్టీలు. ఈ రాయికి తనకంటూ నీళ్లు దాచుకునే గుణం లేదు. పైన గుల్లబారిన పొరలో కొంత, దాని కింద గట్టిరాయిలోని చీలికల్లో కొంత, అంతే. బోర్ల వాళ్లు గ్యాపు అనేది ఈ చీలికనే. గుల్లరాయి గోదాము, గ్యాపు దారి. దారి ఎంత వెడల్పైనా గోదాము ఖాళీ అయితే వచ్చే సరుకు ఉండదు. ఎనిమిది వందల అడుగుల్లో నీళ్లు పడిన బోరు రెండేళ్లలో ఎండిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

లెక్క చెబితే ఇంకా తేటగా ఉంటుంది. బంకమట్టి ఎక్కువగా ఉన్న గుల్ల గ్రానైటుకు విశిష్ట దిగుబడి, అంటే నీళ్లు నిండిన రాయి నుంచి కిందికి జారి మనకు దక్కే వాటా, 1.5 శాతం అని భూగర్భ జలాల అంచనా కమిటీ (జీఈసీ) పద్ధతి సూచిస్తుంది. అంటే ఒక ఎకరంలో నీటిమట్టం ఒక మీటరు దిగితే మనకు దక్కింది సుమారు 60 ఘనపు మీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. అదే పద్ధతిలో ఇసుక మేటకు 16 శాతం. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని ఏటిగర్భాల్లో ఒక మీటరు ఇసుక పది మీటర్ల గుల్లరాయి కంటే ఎక్కువ నీళ్లు ఇస్తుంది. ఊట కాలువలు తవ్వుకున్న పాత తరాల వాళ్లు ఈ అంకెలు లేకుండానే ఆ సంగతి పట్టుకున్నారు. ఏటి ఇసుక ఎంత లోతుందో కొలిచిన పటం లేకుండా ఆ ఇసుకను ఎత్తుకుపోనివ్వడం బ్యాంకులో ఎంతుందో చూడకుండా చెక్కులు రాయడమే.

ఇంకే నీళ్లు ఎన్ని? అనంతపురం వైపు ఏటికి 550 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. బంకమట్టి ఉన్న గుల్ల గ్రానైటులో ఇంకేది అందులో 8 శాతం, 44 మిల్లీమీటర్లు. ఎకరానికి 178 ఘనపు మీటర్లు. బోరు కింద వరికి 1,200 మిల్లీమీటర్లు పెట్టి, అందులో 35 శాతం మళ్లీ నేలలోకి దిగుతుందని తీసేసినా, ఒక ఎకరా వరి సుమారు 18 ఎకరాల మీద ఇంకిన నీళ్లు తాగుతుంది. గుల్లరాయి ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ పలుచగా ఉంది అన్నది తెలియకపోతే ఈ 18 ఎకరాలు ఏ వైపున ఉన్నాయో చెప్పలేం. ఆ మందాన్ని చెప్పేది పొరల చీటీయే.

చీటీలో ఏం ఉండాలో ఇప్పుడు చెబుతాం. పని చెడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

రిగ్గు రాడ్డు సాధారణంగా 20 అడుగులు. రాడ్డుకు ఒక వరస. ప్రతి వరసలో రాడ్డు దిగడానికి పట్టిన నిమిషాలు, బయటికొచ్చిన పిండి రంగు, తడిగా వచ్చిందా పొడిగా వచ్చిందా, సుత్తి చప్పుడు మారిందా అనేవి రాయాలి. గుల్లరాయి ఎర్రగానో, గోధుమరంగులోనో వస్తుంది, రాడ్డు తొందరగా దిగుతుంది. గట్టి గ్రానైటుకు పిండి తెల్లగా, బూడిదరంగుగా మారి దుమ్ము లేస్తుంది, నిమిషాలు పెరుగుతాయి. అంతదాకా తెల్లగా వస్తున్న పిండి ఒక్కసారిగా పచ్చని ఛాయ కలిసిన నల్లరంగుకు తిరిగితే డైకు తగిలిందని అర్థం. దుమ్ము ఆగిపోయి, తుప్పు మరకలున్న పలుకులు పడి, రాడ్డు జారినట్టుగా దిగితే గ్యాపు. ఆ లోతును ఆ క్షణంలోనే రాయాలి. సాయంత్రం గుర్తుచేసుకుని రాసిన గ్యాపు లోతు ఒక రాడ్డు అటో ఇటో అవుతుంది. 20 అడుగుల తేడా వస్తే పక్కపక్క బోర్ల గ్యాపులను కలిపి గీత గీయలేం.

పిండిని కుప్పలోంచి ఎత్తకూడదు. అందులో అన్ని లోతులవీ కలిసిపోయి ఉంటాయి. గాలితో బయటికి తన్నుకొస్తున్న చోట జల్లెడో, బకెట్టో పట్టి, కడిగి, గుప్పెడు పలుకులు కవరులో వేసి, పైన లోతు రాయాలి. ఒకసారి నీళ్లు తగిలాక పై పొరల మట్టి కూడా కొట్టుకొచ్చి కలుస్తుంది. ఎర్రమట్టి కనబడగానే కింద మళ్లీ గుల్లరాయి ఉందని రాసేస్తే తప్పు. అలాంటప్పుడు రాడ్డు చివర రెండు నిమిషాలు తవ్వకం ఆపి, గాలి మాత్రం వదిలి, నీళ్లు తేటబడ్డాక మళ్లీ తవ్వి పట్టుకున్న పలుకులనే నమ్మాలి. సున్నపురాయి ప్రాంతాల్లో పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చిన్న సీసా ఒకటి రిగ్గులో ఉండాలి. సున్నపురాయి పలుకు మీద చుక్క వేస్తే వెంటనే బుసబుస పొంగుతుంది. వేంపల్లె పొరల్లోని డోలమైటు పలుకుగా ఉంటే దాదాపు పొంగదు, మెత్తటి పిండిగా ఉంటే నెమ్మదిగా పొంగుతుంది. ఈ తేడా తెలియక డోలమైటును షేలుగా, అంటే బురద గట్టిపడిన పలకరాయిగా, రాసిపెట్టడం సులభంగా జరిగే పొరపాటు.

నీళ్ల కొలతకు మన దగ్గర ఇంచుల మాట ఉంది. 90 డిగ్రీల వి-నాచ్ పలక (V ఆకారపు గాటు కోసిన పలక) మీద నీళ్ల ఎత్తు రెండు ఇంచులంటే సెకనుకు సుమారు 0.8 లీటరు. నాలుగు ఇంచులంటే దానికి రెట్టింపని చాలామంది అనుకుంటారు. నిజానికి సుమారు 4.5 లీటర్లు, ఐదున్నర రెట్లకు పైనే. కాబట్టి అర ఇంచు తప్పు చదివినా మోటారు ఎంపిక తప్పిపోతుంది, పంట లెక్క తప్పిపోతుంది. ఎత్తును నాచ్ అంచు దగ్గర చదవకూడదు, అక్కడ నీళ్లు వంగి పడుతుంటాయి. పలకకు వెనక, ఎత్తుకు నాలుగింతల దూరంలో నీళ్లు నిలకడగా ఉన్న చోట చదవాలి. ఒక్కో గ్యాపు తర్వాతా విడిగా కొలవాలి. మొదటి గ్యాపులో ఒక ఇంచు, రెండో దాని తర్వాత రెండు ఇంచులు వస్తే నీళ్లలో ఎక్కువ భాగం రెండో దానివే. ఆఖరున ఒక్కసారే కొలిస్తే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. రిగ్గు గాలితో ఎత్తిన నీళ్లు అరగంట నీళ్లే, బోరు ఏడాది పొడవునా అంతే ఇస్తుందని చీటీ మీద ఎవరూ రాయకూడదు.

కేసింగు ఎక్కడ దాకా దించారో రాయడం చాలా అవసరం. గట్టిరాయిలో ఒకటి రెండు అడుగులు కూర్చోకుండా ఆపేస్తే మట్టి లోపలికి జారి మోటారును పట్టేస్తుంది. బాగా కూర్చుంటే గుల్లపొర నీళ్లు మూసుకుపోయి గ్యాపుల నీళ్లే బోరులోకి వస్తాయి. రెంటిలో ఏది జరిగిందో తెలియకుండా ఆ బోరులో కొలిచిన నీటిమట్టం ఏ పొరదో చెప్పలేం.

చీటీలో ఇంకొక గడి కూడా ఉంచమని మా కోరిక: పాయింటు ఎలా పెట్టారు? మీటరు సర్వేతోనా, కొబ్బరికాయతోనా, వేపపుల్లతోనా, పక్క బోరును చూసా? ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. వెయ్యి చీటీలు చేరాక ఏ పద్ధతిలో ఎన్ని నిలిచాయో అంకెలే చూపిస్తాయి. ఆ అంకెలకు ఉండే విలువ ఎవరి ఉపన్యాసానికీ ఉండదు.

మీటరు సర్వే గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. నాలుగు పిన్నులు నేలలో దించి కరెంటు పంపి రాతి నిరోధాన్ని కొలిచే పద్ధతి గుల్లపొర మందాన్ని బాగా పడుతుంది. గట్టిరాయి ఎక్కడ మొదలవుతుందో చాలావరకు చెప్పగలదు. కానీ నాలుగు వందల అడుగుల కింద ఉన్న జానెడు గ్యాపు పైనుంచి తీసిన రీడింగులో కనబడదు. కనబడిందని చెప్పేవాళ్లను నమ్మి రైతులు నష్టపోతున్నారు. కరెంటు లైను కింద, ఇనప కంచె పక్కన, నేలలోని ఇనప పైపు మీదుగా తీసిన రీడింగులు పనికిరావు. ఎండిన నేలలో పిన్ను దగ్గర ఉప్పునీళ్లు పోయకపోతే అంకె నిలవదు. నల్లరేగడిలో పైపొరే కరెంటును తాగేస్తుంది, కాబట్టి పిన్నులను ఇంకా దూరం చాచాలి. డైకులున్న చోట ఒకే దిక్కున తీసి వదిలేయకుండా, అడ్డంగా ఇంకోసారి తీయాలి. రైతులకు ఉచితంగా బోర్లు వేయడానికి 2020 సెప్టెంబరులో మొదలైన జలకళ పథకంలో బోరుకు ముందు భూభౌతిక సర్వే పెట్టారు. అలాంటి పథకాల రీడింగులను, అదే చోట తర్వాత పడిన బోరు ఫలితాన్నీ జతచేసి ఒకచోట ఉంచండి. ఏ రీడింగు కింద నిజంగా ఏ రాయి ఉందో ఆ జతలే నేర్పుతాయి.

ఇక తూర్పు వైపు. తాడిపత్రి దాటాక కథ మారిపోతుంది. కొలిమిగుండ్ల, బేతంచెర్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి, సున్నపురాయి. ఇక్కడ నీళ్లు రాయిని కరిగించి దారులు చేసుకున్నాయి. బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున మన కళ్లకు కనబడే అలాంటి పాత దారి. కనబడనివి ఇంకెన్నో. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడు, కడప బుగ్గవంక, నల్లమల పాదాన మహానంది కోనేరు: బుగ్గ అంటే ఊట అని వేరే చెప్పక్కర్లేదు. ఊరి పేరులో, వంక పేరులో బుగ్గ ఉన్నచోటల్లా ఒక గుర్తు పెట్టుకుని వెళితే ఊటల పటం సగం అక్కడే సిద్ధమవుతుంది. పేరు మిగిలి ఊట పోయిన చోటు కూడా పటానికి ముఖ్యమే. నీటిమట్టం ఒకప్పుడు నేల దాకా ఉండేదని ఆ చోటు చెబుతుంది.

సున్నపురాయిలో గ్రానైటు పద్ధతులు పెడితే పటం తప్పుతుంది. ఒక బోరులో ఆరు ఇంచులు పడి ముప్పై అడుగుల పక్కన ఏమీ పడకపోవడం ఇక్కడ మామూలు. రెండు బోర్ల నీటిమట్టాల మధ్య నున్నటి గీత గీసేస్తే లేనిది చూపించినట్టవుతుంది. ఇక్కడ చేయాల్సిన పనులు వేరు. ఊటల నీటి పరిమాణం, వేడి, విద్యుత్ వాహకత (నీటిలో కరిగిన లవణాలను బట్టి మారే అంకె) వానకు ముందూ, వాన పడిన ప్రతి రోజూ కొలవాలి. వాన పడిన ఒకటి రెండు రోజుల్లో వాహకత పడిపోతే నీళ్లు పెద్ద దారిలో వస్తున్నాయి, నెమ్మదిగా వారాల తరబడి మారితే సన్నని పగుళ్లలోంచి వస్తున్నాయి. హాని లేని రంగు కలిపి ఎక్కడ దిగింది, ఎక్కడ తేలింది అని చూసే పరీక్షకు ఇంతకంటే మంచి నేల దొరకదు. నాపరాళ్ల గనుల గోడలు పొరలను పుస్తకంలా విప్పి చూపిస్తాయి. గని యజమానులు తోడిపోసే నీళ్ల పరిమాణం, గోడలో ఊట వచ్చే ఎత్తు రాసి ఇచ్చేలా చూడండి.

నేల కుంగడం కూడా ఈ పటంలోకి రావాలి. 2015 చివరి వానల తర్వాత చింతకొమ్మదిన్నె మండలంలో బావుల్లాంటి గోతులు పడ్డాయి. సున్నపురాళ్ల నేలల్లో ఇది జరిగే తీరు తెలిసినదే: లోపలి బొరియల్లో నీళ్లు ఉన్నంతకాలం పైకప్పుకు ఆసరా ఉంటుంది, తోడేకొద్దీ ఆ ఆసరా పోతుంది, ఆపైన పెద్దవాన పడితే మట్టి బొరియలోకి జారిపోతుంది. ఎక్కడ గోయి పడింది, ఎంత లోతు, ఆ ముందు నెలల్లో నీటిమట్టం ఎంత దిగింది అనే మూడు వివరాలు పటం మీద ఉంటే ఇల్లు కట్టుకునేవాళ్లు ముందే జాగ్రత్తపడతారు. ఇదే కారణంతో ఇంకొక మాట. సున్నపురాయిలో నీళ్లు వడపోత లేకుండా పరుగెత్తుతాయి. ఎండిన బోరులోకి వీధి నీళ్లు, మురుగు మళ్లించి దాన్ని ఇంకుడు బోరు అని పిలవడం అక్కడ ఆపించాలి. ఆ మురుగు ఏ ఊరి తాగునీటి బోరులో తేలుతుందో ఇప్పుడు చెప్పగల పటం మన దగ్గర లేదు.

నంద్యాల వైపు కుందూ లోయలో నల్లరేగడి, కింద షేలు. అక్కడ కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద నీళ్లు తక్కువై కాదు, పైకి చేరి ఉప్పు తేలడం వల్ల బాధ. ఆ పటానికి వేసవి మట్టం కంటే నవంబరు మట్టం ముఖ్యం.

నీటిమట్టం కొలతలో మూడు తప్పులు పదేపదే జరుగుతాయి. మొదటిది వేళ. వ్యవసాయ మోటార్లకు పగటిపూట ఇచ్చే తొమ్మిది గంటల కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో ఊరంతా ఒకేసారి తోడడం మొదలవుతుంది. ఆ తర్వాత కొలిచింది నీటిమట్టం కాదు, మోటార్ల మట్టం. కరెంటు రాకముందే, తెల్లవారుజామునే కొలవాలి. రెండోది ఎత్తు. నేల నుంచి 20 మీటర్లు అన్న అంకెతో పటం గీయలేం. బోరు నోరు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో తెలిస్తేనే నీళ్లు ఎటు పారుతున్నాయో తెలుస్తుంది. ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు చాలు, ఫోను చూపించే ఎత్తు పనికిరాదు. లెవెల్ యంత్రంతోనో, ఫోనుకంటే ఎంతో కచ్చితమైన డీజీపీఎస్ పరికరంతోనో ఒక్కసారి తీసి బోరు గట్టు మీద పెయింటుతో రాయించండి. మూడోది, ఒకే బోరులో పై గ్యాపు, కింది గ్యాపు కలిసిపోయిన మట్టాన్ని ఒకే పొరదిగా చూపించడం.

ప్రభుత్వ పీజోమీటర్లు, అంటే నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్లు, ఉన్నాయి, వాటి రీడింగులు మంచివి. కానీ ఊరికి ఒకటైనా లేవు. ఊరి నిండా ఎండిన బోర్లున్నాయి. వదిలేసిన బోర్ల నోళ్లు మూయాలని 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మూసేటప్పుడే తాళం ఉన్న ఇనప మూత పెట్టి, టేపు దిగేంత రంధ్రం ఉంచితే పిల్లలకు ప్రమాదం ఉండదు, మనకు పరిశీలన బావి దొరుకుతుంది. ఏ బోరు పనికొస్తుందో తేల్చడానికి 20 లీటర్ల బిందె చాలు. ఆరున్నర ఇంచుల బోరులో 20 లీటర్లు ఒక్కసారి పోస్తే మట్టం సుమారు 93 సెంటీమీటర్లు లేస్తుంది. అరగంటలో దిగిపోతే ఆ బోరుకు చుట్టూ ఉన్న నీటితో సంబంధం ఉన్నట్టు. మర్నాటికీ అలాగే ఉంటే దాన్ని వదిలేయాలి, అక్కడ కొలిచిన మట్టం అబద్ధం చెబుతుంది. కొలిచేది తాగునీటి పొర కాబట్టి పోసేవి శుభ్రమైన నీళ్లై ఉండాలి.

ఊరికి కనీసం ఒక పంపింగు పరీక్ష చేయించండి. ఆ తొమ్మిది గంటల కరెంటే 540 నిమిషాలు, మొదటి మెట్టుకు చాలు. చుట్టుపక్కల మోటార్లను ఆ ఒక్క రోజుకు ఆపమని ముందే అడిగి ఒప్పించాలి, లేకపోతే పరీక్ష వృథా. మొదటి పది నిమిషాలు నిమిషానికొకసారి, తర్వాత ఐదు నిమిషాలకు, ఆపైన అరగంటకు మట్టం కొలవాలి. సెకనుకు రెండు లీటర్లు, అంటే రోజుకు 172.8 ఘనపు మీటర్లు తోడుతుండగా పదో నిమిషానికీ వందో నిమిషానికీ మధ్య మట్టం 6 మీటర్లు దిగిందనుకుందాం. సూత్రంలోని స్థిరాంకం 0.183ను 172.8తో గుణించి 6తో భాగిస్తే పొర ప్రసరణ సామర్థ్యం, అంటే ఆ పొర తన గుండా నీళ్లను ఎంత పారనిస్తుందన్నది, రోజుకు 5.3 చదరపు మీటర్లు. గుర్తుపట్టాల్సిన సంగతి ఇంకొకటి ఉంది: నిలకడగా దిగుతున్న గీత వాలు ఒక చోట సరిగ్గా రెట్టింపైతే దగ్గరలో ఒక అడ్డుగోడ ఉంది. నేల మీద కనబడని డైకును పట్టిచ్చేది ఆ మలుపే. మోటారు ఆపాక మట్టం తిరిగి లేవడాన్ని కూడా కొలవాలి. మోటారు ఒడిదుడుకులు అందులో ఉండవు కాబట్టి మేం దాన్నే ఎక్కువ నమ్ముతాం.

ఫ్లోరైడు గురించి కొన్ని మాటలే. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా. మన గ్రానైటు నీళ్లలో కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బనేటు ఎక్కువగా ఉన్నచోట ఫ్లోరైడు కరిగి నిలుస్తుంది. అందుకే నమూనాలో కాల్షియం కూడా చూడాలి. మోటారు పావుగంట నడిచాక పట్టాలి, ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, గాజుతో ఫ్లోరైడుకు పడదు. ఆ బోరు గ్యాపుల లోతు చీటీలో ఉంటే ఫ్లోరైడు ఏ లోతు నుంచి వస్తోందో తేల్చే వీలుంటుంది.

లెక్కలు కట్టే హద్దుల విషయంలో మీ నిర్ణయం కావాలి. మండలం సగటు తీసి సురక్షితం అని రాసినప్పుడు, ఆ మండలంలో ఏటి ఇసుక ఉన్న రెండు ఊళ్లు గట్టిరాయి మీది పది ఊళ్ల కరువును కప్పేయవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల హద్దులు మారాయి. రాతి హద్దులు మారలేదు. చిత్రావతి, పాపాఘ్ని, కుందూ నదుల కింది పొరలు ఒకటి కంటే ఎక్కువ జిల్లాలవి. రాయి హద్దును బట్టి పొరకు పేరు, సంఖ్య ఇచ్చి, ఏ పొరలో ఏ జిల్లా ఊళ్లున్నాయో రాస్తే ఇద్దరు కలెక్టర్లు ఒకే కాగితం ముందు పెట్టుకుని మాట్లాడగలుగుతారు.

ఈ పని రైతుల చేత కాదనే మాటను మేం ఒప్పుకోం. రైతులే నడిపిన భూగర్భ జల యాజమాన్య కార్యక్రమం, ఏపీఎఫ్ఏఎంజీఎస్, అనంతపురం, కర్నూలు, కడప సహా ఏడు జిల్లాల్లో నడిచింది. వానమాపకాలు, టేపులు చేతబట్టి కొలిచి, ఆ అంకెలతో ఊరి పంటల నీటి లెక్క వేసుకున్నది రైతులే. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. రిగ్గు నమోదు కావాలి, బోరుకు అనుమతి కావాలి. ఆ అనుమతికి పొరల చీటీని జోడించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రిగ్గు డ్రైవరు చీటీ నింపుతాడు, సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు అక్షాంశ రేఖాంశాలు, ఫోటో చేరుస్తారు, భూశాస్త్రం చదివే డిగ్రీ, పీజీ విద్యార్థులు కవర్లలోని పలుకులు చూసి రాయి పేరు సరిచూస్తారు. ఏ రిగ్గుకు చీటీ సరిగా వస్తుందో, ఏ రిగ్గుకు ప్రతి బోరూ ఒకేలా వస్తుందో పది చీటీలు చూస్తే తెలిసిపోతుంది. రెండో రకానికి మనిషిని పంపి సరిచూడాలి.

ఒక భయం మాత్రం తీర్చాలి. చీటీలో నీళ్లు ఎక్కువ చూపిస్తే మోటారుకు కరెంటు మీటర్లు పెడతారని, తక్కువ చూపిస్తే బోరు వేసినందుకు జరిమానా వేస్తారని రైతు అనుకుంటే అంకెలన్నీ పాడవుతాయి. పొరల చీటీలోని వివరం ఎవరి మీదా చర్యకు వాడబోమని కలెక్టరు సంతకంతో, తెలుగులో, చీటీ పైనే అచ్చు వేయండి. రైతు పేరు పటంలోకి రాకూడదు, బోరు సంఖ్య చాలు. పటం తయారయ్యాక సచివాలయం గోడ మీద పెద్దగా వేలాడాలి. రంగులకు అర్థం గుల్లరాయి, నల్లరాయి, నాపరాయి అనే మాటల్లోనే రాయాలి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే మూడు చోట్లు చెబుతాం. డైకులు దట్టంగా ఉన్న ఒక గ్రానైటు మండలం, నాపరాయి గనులున్న ఒక మండలం, చిత్రావతి ఒడ్డున ఇసుక మేటలున్న ఒక మండలం. మూడింటికీ చీటీ ఒకటే, కొలిచే పద్ధతులు వేరు. రిగ్గులు ఎక్కువగా తిరిగేది ఎండలు ముదిరినప్పుడు. సంక్రాంతి లోపల చీటీ పుస్తకాలు, వి-నాచ్ పెట్టెలు, కవర్లు, ఆమ్లం సీసాలు రిగ్గుల్లోకి చేరితే ఆ వేసవి బోర్లన్నీ పటంలోకి వస్తాయి. చీటీ నమూనా తయారుచేయడానికి, రిగ్గు డ్రైవర్లకు ఒక రోజు నేర్పడానికి పిలిస్తే వస్తాం.

ఇట్లు,
ఈ మూడు ఉమ్మడి జిల్లాల్లో రాళ్లు, బావులు, బోర్ల మీద పనిచేసే కొందరం
అనంతపురం